రిసార్టులో అడిగిన గది మనకివ్వరు, అడగనివాడికి మాత్రం విల్లా. దీని లెక్కేంటి?

మియాపూర్_శీను
పోయిన శనివారం అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజని విశాఖ తీసుకెళ్లా. రుషికొండ వైపు ఒక బీచ్ రిసార్టు, పేరు చెప్పను. నెల ముందే సైటులో రెండు గదులు బుక్ చేసి, కింద ఉండే ప్రత్యేక అభ్యర్థనల డబ్బాలో అన్నీ రాశా. రెండు గదులూ పక్కపక్కన కావాలి, కింది అంతస్తు, సముద్రం కనిపించాలి, అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి లిఫ్టుకి దగ్గర, పొద్దున పదకొండుకే గది, పెళ్లిరోజు కాబట్టి ఏదైనా చిన్న ఏర్పాటు, వీలుంటే అప్‌గ్రేడ్.

ఇచ్చింది ఏంటంటే, మాకు నాలుగో అంతస్తులో ఒకటి, వాళ్లకి లాన్ అవతల ఇంకో బ్లాకులో ఒకటి. ఆ బ్లాకుకి పదకొండు మెట్లు. అమ్మ మూడో మెట్టు మీద కూర్చుండిపోయి, సంచి ఒళ్లో పెట్టుకుని "మీరెళ్లండిరా, నేను ఇక్కడి నుంచే సముద్రం గాలి పీలుస్తా" అంది. సీ వ్యూ సంగతి చెప్పక్కర్లేదు. బాల్కనీ రెయిలింగ్ పట్టుకుని మెడ సాచితే వాటర్ ట్యాంకుకీ కొబ్బరిచెట్టుకీ మధ్యన అరచేతి వెడల్పున నీలం.

అసలు మంట ఇది కాదు. అదే రోజు, అదే రిసార్టులో మా ఆఫీసు కుర్రాడు దిగాడు. ఏమీ అడగలేదు, మాలాగే మామూలు గది డబ్బులే కట్టాడు. రాత్రి తొమ్మిదిన్నరకి వస్తే చిన్న కొలను ఉన్న విల్లా ఇచ్చారట. నీళ్లలో కాళ్లు పెట్టుకున్న ఫొటో గ్రూపులో పెట్టాడు. మూడు వారాల్లో అంతర్వేది దర్శనానికి వెళ్తూ దిండి దగ్గర ఉండాలి మేము. ఈసారైనా అడిగింది దొరికే పద్ధతి ఏదైనా ఉందా?

సగం_సముద్రం
నీకు ట్యాంకు పక్కన నీలమైనా కనిపించింది. మాకు "పార్షియల్ సీ వ్యూ" అని ఏసీ యూనిట్లు చూపించారు. అవి కూడా అలల్లా హోరుమన్నాయిలే.

డాలస్_బావ
లాస్ వేగాస్‌లో ఇరవై డాలర్ల చిట్కా అని ఒకటుంది. ఐడీకీ క్రెడిట్ కార్డుకీ మధ్య ఇరవై నోటు మడిచిపెట్టి, "ఉచిత అప్‌గ్రేడ్‌లు ఏమైనా ఉన్నాయా" అని నవ్వుతూ అడగాలి. నేను రెండుసార్లు చేశా. ఒకసారి స్ట్రిప్ (అక్కడి పెద్ద హోటళ్లన్నీ ఉండే రోడ్డు) మొత్తం కనిపించే గది ఇచ్చారు. రెండోసారి ఆ అమ్మాయి "సార్, మీ నోటు ఇందులో ఉండిపోయింది" అని వెనక్కి ఇచ్చేసింది. మా ఆవిడ ఆ తర్వాత లిఫ్టులో నా మొహం చూడలేదు.

మొహమాటం_మాధవి
బావగారూ, ఇక్కడ ఆధార్ కార్డులో ఐదొందల నోటు పెట్టి ఇస్తే ఏమనుకుంటారో ఆలోచించండి. నాకైతే అదనంగా ఒక టవల్ అడగాలన్నా చెమట పడుతుంది.

బెజవాడ_బుల్లోడు
ఎమ్మెల్యే సిఫార్సు లెటర్ తెచ్చుకుంటే సరి. తిరుమలలో గది దొరికితే చాలు అది ఎటు చూస్తుందో కూడా అడగం, ఇక్కడికొచ్చి సముద్రం, మెట్లు, లిఫ్టు అంటాం :)

పాత_ఫ్రంటాఫీస్
తొమ్మిదేళ్లు గోవాలో ఒకటి, విశాఖలో ఒకటి, రెండు రిసార్టుల్లో రిసెప్షన్‌లో పనిచేసి మానేశాను. శీను గారి కథలో నాకు వింతేమీ కనిపించలేదు. కోపం రాకుండా చదవండి.

మీరు సైటులో రాసిన వాక్యం రిసార్టుకి ఎలా వస్తుందో చెప్తాను. బుకింగ్ మెయిల్ చివర ఒక లైనుగా వస్తుంది. కొన్నిచోట్ల నేరుగా సిస్టమ్‌లో పడుతుంది, కొన్నిచోట్ల రిజర్వేషన్ వాళ్లు చూసి టైప్ చెయ్యాలి. శనివారానికి డెబ్భై బుకింగులు ఉంటే, ఏడు కోరికలున్న పేరాని ఎవరూ పూర్తిగా ఎక్కించరు. మొదటి రెండు ముక్కలు రాస్తారు. మీ పేరాలో మోకాళ్ల నొప్పి నాలుగోది.

గది నంబర్ బుకింగ్ రోజున పడదు. మీరు కొన్నది ఒక రకం గది, అంతే. వచ్చే ముందు రోజు రాత్రి షిఫ్టు వాళ్లు మర్నాడు దిగేవాళ్ల జాబితా తీస్తారు. పొద్దున షిఫ్టు వాళ్లు ఎవరు ఖాళీ చేస్తున్నారో చూసుకుని నంబర్లు వేస్తారు. ముందు పెళ్లి బ్యాచ్‌కి, తర్వాత మెంబర్లకి, తర్వాత కారణంతో అడిగినవాళ్లకి, మిగిలింది మిగతావాళ్లకి. మధ్యాహ్నం రెండు దాటాక కౌంటర్ దగ్గర మేము మార్చగలిగేది చాలా తక్కువ.

ఇక విల్లా. మామూలు గదులు అరవై ఉంటే అరవై మూడు అమ్ముతారు, ఎవరో ఒకరు రద్దు చేసుకుంటారని. ఎవరూ చేసుకోకపోతే ముగ్గురు మిగులుతారు. వాళ్లని పక్క హోటల్‌కి పంపితే డబ్బూ పోతుంది, పరువూ పోతుంది. పైన ఖాళీగా ఉన్న విల్లాలోకి తోస్తే ఏమీ పోదు. ఆ ముగ్గురూ ఎవరవుతారు? ఆలస్యంగా వచ్చినవాళ్లు, అందులోనూ ఒక్క రాత్రే ఉండేవాళ్లు. ఆ విల్లా ఆదివారం ఎవరో డబ్బులు పెట్టి కొనుక్కుని ఉంటారు. మీ ఆఫీసు కుర్రాడు ఎన్ని రాత్రులు ఉన్నాడు?

మియాపూర్_శీను
ఒక్క రాత్రే!! మేము మూడు.

పాత_ఫ్రంటాఫీస్
అదీ సంగతి. మూడు రాత్రులవాళ్లకి విల్లా ఇవ్వాలంటే మూడు రాత్రులూ ఖాళీగా ఉండాలి కదా.

సగం_సముద్రం
అంటే ఆ కుర్రాడిని సత్కరించలేదు, సర్దేశారు. ఈ ముక్క వాడికి ఎవరూ చెప్పకండి, పాపం.

పాయింట్ల_భాస్కర్
ఫ్రంటాఫీస్ గారు "మెంబర్లకి" అని ఒక్క మాటలో దాటేశారు గానీ ఉన్నదంతా అక్కడే ఉంది. ఊరికే అడిగేవాళ్లకి కార్డు లేదు, కార్డు ఉన్నవాళ్లకి అడిగే పని లేదు. మారియట్ హోటళ్ల మెంబర్‌షిప్ పథకం బోన్వాయ్‌లో ఏడాదికి 25 రాత్రులుంటే గోల్డ్, 50 ఉంటే ప్లాటినం. ప్లాటినంవాళ్లకి, దిగిన రోజున ఖాళీ ఉంటే కొన్ని సూట్లు (హాలు కూడా ఉండే పెద్ద గదులు) కూడా ఇస్తారు. నేను ఆఫీసు పనిమీద తిరిగి తిరిగి రాత్రులు పోగేసి, పిల్లల సెలవుల్లో వాడతా.

కరీంనగర్_కవిత
ఏడాదికి యాభై రాత్రులు హోటల్లో ఉంటే ఇంట్ల వాళ్లు అప్‌గ్రేడ్ ఇయ్యరన్నా, చెక్అవుట్ చేయిస్తరు.

పాయింట్ల_భాస్కర్
:) అందుకే పిల్లల సెలవుల్లో వాడతా అన్నది.

పాత_ఫ్రంటాఫీస్
భాస్కర్ గారూ, "ఖాళీ ఉంటే" అన్నారు చూడండి, డిసెంబరు ఆఖరి వారం గోవాలో ఆ మాటకి అర్థం "లేదు" అనే. కౌంటర్ దగ్గర ప్లాటినం వాళ్లే పదిమంది నిలబడతారు. ఇంకోటి, వేరే సైటులో చౌకగా వచ్చిందని బుక్ చేసుకుని ఇక్కడ కార్డు చూపిస్తారు. ఆ బుకింగ్‌కి పాయింట్లూ రావు, సౌకర్యాలూ మామూలుగా దక్కవు.

పాయింట్ల_భాస్కర్
డిసెంబరు సంగతి ఒప్పుకుంటా. మిగతా పదకొండు నెలలూ నావే.

పంచాంగం_ప్రసాద్
ఇన్ని మాటలెందుకండీ. గది బుక్ చేసే ముందు పంచాంగం చూడండి. శీను గారు వెళ్లింది శ్రావణ మాసం శనివారం. ఆ రోజు లగ్నాలున్నాయి. బీచ్ రిసార్టులన్నీ పెళ్లివారి చేతిలోనే ఉంటాయి. పక్కపక్క గదులు, కింది అంతస్తు అన్నీ తాతగార్లకీ మేనత్తలకీ ముందే రాసేస్తారు. అదే ఆషాఢంలో వెళ్లండి, లేదా మూఢం ఉన్నప్పుడు వెళ్లండి. ముహూర్తాలు లేవు, పెళ్లిళ్లు లేవు. ఆషాఢంలో అయితే కొత్త పెళ్లికూతుర్లు పుట్టింట్లో ఉంటారు కాబట్టి హనీమూన్ జంటలు కూడా పల్చబడతాయి. నేను ఆరేళ్లుగా మూఢంలోనే తిరుగుతున్నా. మూడుసార్లు అడగకుండానే పెద్ద గది ఇచ్చారు.

బెజవాడ_బుల్లోడు
శుక్రుడు అస్తమిస్తే ప్రసాద్ గారికి సూట్ ఉదయిస్తుంది.

పాత_ఫ్రంటాఫీస్
నవ్వకండి. మా సేల్స్ మేనేజర్ టేబుల్ మీద కంప్యూటర్ పక్కన గంటల పంచాంగం ఉండేది. పంజాబీ ఆయన. ఏ నెలలో రేటు తగ్గించాలో అందులో చూసి మమ్మల్ని అడిగి తెలుసుకునేవాడు.

గోదారి_గట్టు
మా వైపు లెక్క వేరు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేలకని ఎక్కడెక్కడి నుంచో దిగిపోతారు. దిండి, రాజోలు, నరసాపురం, భీమవరం అంతా నిండిపోతుంది. అప్పుడు గది దొరకడమే అప్‌గ్రేడ్. ఒకాయన కారులో పడుకుని పొద్దున స్నానానికి మా ఇంటికొచ్చాడు. ఎవరో ఇప్పటికీ తెలీదు, అట్లు మాత్రం నాలుగు తిన్నాడు.

శీను గారూ, మీరు వచ్చేది వినాయక చవితి దాటాక అయితే భాద్రపదం. పెళ్లిళ్లుండవు, ఖాళీగా ఉంటుంది. వశిష్ఠ గోదారిలో ఎర్రనీళ్లు మాత్రం ఉండొచ్చు, నీలంగా ఉంటుందని ఆశ పెట్టుకోకండి.

వాస్తు_వరలక్ష్మి
గది ఎటు చూసినా ఫర్వాలేదు, మంచం ఎటు ఉందో ఎవరైనా అడిగారా? మా అత్తగారు ఉత్తరం తలగా పడుకోరు. మైసూరు వెళ్లినప్పుడు ముందే ఫోన్ చేసి "ఉత్తరం వైపు తల రాని గది" అని అడిగా. వాళ్లు చాలా మర్యాదగా రాసుకున్నారు. వెళ్లి చూస్తే మంచం అలాగే ఉంది, దిండ్లు తీసుకెళ్లి కాళ్ల వైపు పెట్టారు. రాత్రంతా ఆవిడ టీవీ కింద తలపెట్టి పడుకున్నారు.

సగం_సముద్రం
అడిగింది చేశారు కదండీ మరి!

మొహమాటం_మాధవి
నాకు తెలిసిన ఒకాయన రుషికొండలో "సన్‌సెట్ వ్యూ గది" కావాలని గొడవ. గోవాలో ఇచ్చారు, ఇక్కడెందుకివ్వరని. సూర్యుడు సముద్రంలో మునగాలంటే పడమటి తీరానికి పోవాలి, మనకి సాయంత్రం కొండ వెనకే కదా. చివరికి ఆయన్ని పార్కింగ్ వైపు గదిలో వేశారట. అక్కడ నిజంగానే సూర్యాస్తమయం కనిపిస్తుంది, బస్సుల మీదుగా.

జీఎస్టీ_గిరి
ఉచిత అప్‌గ్రేడ్ దొరక్కపోతే కౌంటర్ దగ్గర "వెయ్యి రూపాయలిస్తే సీ వ్యూ సార్" అంటారు, సరే అనే ముందు లెక్క చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 లోపు గదికి 5 శాతం జీఎస్టీ, దాటితే 18 శాతం. మీ గది 7,000 అనుకోండి, పన్నుతో 7,350. వెయ్యి కలిపితే 8,000, దాని మీద 18 శాతమంటే 9,440. వెయ్యి అని ఊ కొట్టినందుకు జేబులోంచి పోయేది 2,090. "పన్నుతో కలిపి మొత్తం ఎంత" అని అడగండి.

డాలస్_బావ
గిరి గారూ, ఇదొక్క పోస్టు కోసం ఇంతసేపు చదివినా గిట్టుబాటే.

కరీంనగర్_కవిత
పెళ్లిరోజు, పుట్టినరోజు అని రాస్తే ఏమన్న ఇస్తరా అని శీనన్న అడిగిండు కదా. మాకు అడగకుండనే ఇచ్చిన్రు. మా బాపు ఆధార్ కార్డుల పుట్టిన తేదీ జూలై 1. బడిల చేర్పించినప్పుడు పంతులు రాసుకున్నది, అసలు తేదీ ఎవ్వలికి తెల్వదు. ఆ రోజే చెక్ఇన్ చేస్తే కౌంటర్ దగ్గర కార్డు చూసి రాత్రి భోజనాల టైముకి కేకు పట్టుకొని నలుగురు చప్పట్లు కొట్టుకుంట వచ్చిన్రు. మా బాపు వెనక్కి తిరిగి ఎవరికా అని చూసిండు. డెబ్భై ఏండ్ల మనిషి, జీవితంల మొదటి కేకు. "నాది కాదు బిడ్డా, ఇది పంతులుది" అనుకుంటనే రెండు ముక్కలు తిన్నడు.

మొహమాటం_మాధవి
కవితా, ఇది చదివి నవ్వుతూ ఏడ్చాను.

బెజవాడ_బుల్లోడు
నేను ఎక్కడికెళ్లినా హనీమూన్ అని రాస్తా. హంసల్లా మడిచిన టవళ్లు, గులాబీ రేకులు, ఒక్కోసారి కేకు. ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

పాత_ఫ్రంటాఫీస్
అడగం. కానీ నవ్వుకుంటాం. ఒకాయన హనీమూన్ అని రాసి, "నాన్నా బాత్రూమ్" అంటున్న పిల్లాడిని ఎత్తుకుని వచ్చాడు. ఇద్దరికి రాసిన గదిలో ముగ్గురయ్యారు కాబట్టి, అప్పటికే వేసి పెట్టిన మంచి గది తీసేసి అదనపు పరుపు పట్టే గదికి మార్చాల్సొచ్చింది. ఆ మంచి గది సముద్రం వైపుది, మూలది. అబద్ధం ఆడకపోతే పిల్లాడితో సహా సముద్రం చూసేవాడు.

బెజవాడ_బుల్లోడు
మీరు పనిచేసింది ఏ ఏడాది? ఊరికే అడుగుతున్నా.

సగం_సముద్రం
హహహ దొరికిపోయాడు

మియాపూర్_శీను
ఫ్రంటాఫీస్ గారూ, సరే, ఏడు కోరికలు తప్పే. మరి ఎలా అడగాలి? మెయిలా, ఫోనా? తొందరగా వెళ్తే మంచిదా, ఆలస్యంగానా? మీ లెక్కన రాత్రి వెళ్తే విల్లా వస్తుందిగా.

పాత_ఫ్రంటాఫీస్
ఏం కావాలో ముందు తేల్చుకోండి. అప్‌గ్రేడ్ మీద ఆశ ఉంటే ఒక్క రాత్రికి, ఆలస్యంగా వెళ్లండి. అయితే అది జూదం. అసలు గదే లేదని పక్క హోటల్‌కి పంపినా పంపొచ్చు, రాత్రి పదింటికి అమ్మగారిని ఆటో ఎక్కించాల్సొస్తుంది. ఫలానా చోట గది కావాలంటే మాత్రం తొందరగా వెళ్లాలి. గది శుభ్రం కాకపోయినా సరే, మీరు ఎదురుగా కూర్చుని ఉంటే ఆ నంబర్ ఇంకొకరికి పోదు.

ముందు రోజు మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య నేరుగా ఫోన్ చెయ్యండి. కాల్ సెంటర్‌కి కాదు, ఆ రిసార్టు రిసెప్షన్‌కి. పొద్దున ఖాళీ చేసేవాళ్ల గోల, మధ్యాహ్నం దిగేవాళ్ల గోల అప్పటికి కాస్త తగ్గి ఉంటుంది. ఒక్కటే అడగండి, కారణంతో అడగండి. "కింది అంతస్తు కావాలి" అంటే ఇష్టం అనుకుంటాం. "మా అమ్మ మెట్లెక్కలేదు" అంటే ఆ గది ఇంకెవరికైనా వేస్తుంటే చెయ్యి ఆగుతుంది. మాట్లాడిన వ్యక్తి పేరు అడిగి రాసుకోండి.

ఇంకో చిన్న విషయం. "కనెక్టింగ్" అంటే రెండు గదుల మధ్య లోపల తలుపు ఉండేది. అవి రెండు మూడు జతలే ఉంటాయి, కొన్నిచోట్ల అసలుండవు. చాలామందికి కావాల్సింది పక్కపక్క గదులు, నోటికొచ్చేది కనెక్టింగ్. లేనిదాన్ని అడిగారని ఆ లైను అక్కడితో వదిలేస్తారు.

వాస్తు_వరలక్ష్మి
పెళ్లి హాలు మీది గది, జనరేటర్ వైపు గది వద్దని కూడా చెప్పమనండి.

పాత_ఫ్రంటాఫీస్
ఒక్కటే అన్నాను కదమ్మా :)

మొహమాటం_మాధవి
ఫోన్ చెయ్యాలంటేనే నాకు భయం. మా ఆయనతో చేయిస్తా. ఆయన "ఏదైనా ఫర్వాలేదండీ" అని పెట్టేస్తారు.

మియాపూర్_శీను
(ఇరవై నాలుగు రోజుల తర్వాత)
వెళ్లొచ్చాం. ముందు రోజు మూడున్నరకి ఫోన్ చేశా. ఒక కుర్రాడు ఎత్తాడు. "మా అమ్మ మెట్లెక్కలేదు బాబూ, కింద రెండు గదులు పక్కపక్కన కావాలి" అన్నా. సముద్రం, గోదారి, పెళ్లిరోజు ఏమీ ఎత్తలేదు, నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. "పన్నెండు లోపల వచ్చేయండి సార్" అన్నాడు.

పదకొండూముప్పావుకి చింతలపల్లి దాటుతున్నాం అని మళ్లీ చేశా. వెళ్లేసరికి రెండూ కిందే, పక్కపక్కనే. వరండాకి ఒక్కటే మెట్టు, అది కూడా బెత్తెడు. అమ్మ ఫ్లాస్కు పట్టుకుని ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వాళ్ల గదిలోంచి మా గదిలోకి వచ్చింది. వచ్చిన పనేమీ లేదు. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది.

ఇప్పుడు వినండి. తాళాలు ఇస్తూ ఆ కుర్రాడే "సార్, ఖాళీగానే ఉంది, మేడ మీద మూల గది పెద్దది, గోదారి రెండు వైపులా కనిపిస్తుంది, మీకు అదే రేటుకి ఇచ్చేస్తాను, అమ్మగారూ వాళ్లు కింద ఉంటారు" అన్నాడు. నా జన్మలో మొదటి అప్‌గ్రేడ్. మా ఆవిడ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశా. అమ్మ ఏమీ అనలేదు, ఫ్లాస్కు మూత బిగిస్తూ కూర్చుంది. వద్దన్నా. నా నోటితో నేనే.

సాయంత్రం నాన్న వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గోదారి గట్టు గారు చెప్పినట్టు ఎర్రనీళ్లే. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకుపోతుంటే "అదిగో ఇంకోటి" అని లెక్కపెడుతూ చీకటిపడేదాకా లేవలేదు.

పంచాంగం_ప్రసాద్
భాద్రపదం అని చెప్పామా లేదా!

గోదారి_గట్టు
చెప్పింది నేను. పంచాంగం మీ దగ్గరే ఉంచుకోండి.

డాలస్_బావ
ఇరవై డాలర్లు మిగిలాయి. అమ్మగారికి పూతరేకులు కొన్నారా?

మియాపూర్_శీను
ఆత్రేయపురం దారిలోనే వచ్చాం బావగారూ. మూడు డబ్బాలు.

సగం_సముద్రం
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ మేడ మీద మూల గది చివరికి ఎవరికి వెళ్లింది?

మియాపూర్_శీను
పొద్దున టిఫిన్ దగ్గర కనిపించాడు. రాత్రి పదిన్నరకి బైక్ మీద వచ్చాడట. ఒక్క రాత్రికే. ఏమీ అడగలేదట.